ఇరవై ఎనిమిదో రోజు

పొద్దుగాల్నే నా పని గుడ్లు పగలగొట్టుడు.
మామునూరు ల్యాబుల, కిటికీ పక్క బల్ల మీద,
తెల్లసొన ఒక గిన్నెల, పచ్చసొన ఒక గిన్నెల.
వేళ్ల సందులకెళ్లి తెల్లది జారిపోతది,
పచ్చది అరచేతిల ఆగుతది, వణుక్కుంట.
చదువుకున్నోళ్లు దాన్ని సూర్యుడని రాస్తరట.
పదకొండేండ్ల సంది చూస్తున్న, నాకెన్నడూ అట్ల అనిపియ్యలే.
సూర్యుడు కనరు వాసన కొట్టడు.

ఇవి గట్ల ఓదెలు తెచ్చిన గుడ్లు.
పరకాల అవతల రెండు షెడ్లు ఆయనయి.
కోళ్లను నాలుగు అరలు చేసిండు.
ఒక అరకు మక్కలు, సోయ చెక్క, తవుడు, అంతే.
రెండో అరకు అవిసెలు కలిపిండు.
మూడో అరకు అవిసెలల్ల పసుపు,
ఎనుమాముల మార్కెట్ల కొమ్ములు ఎత్తినంక
బస్తాల అడుగున మిగిలే పొడి.
నాలుగో అరకు అవిసెలల్ల మునగాకు,
వాళ్ల అవ్వ నీడకు ఎండబెట్టి దంచింది.
"కోళ్లకు కూరలు వండుతున్నవారా ఓదెలూ"
అని వాడకట్టంత నవ్విందట.

నస్రీన్ మేడం నాకు తెలిసేటట్టు చెప్పింది:
అవిసెలు తిన్న కోడి సొనల మంచి కొవ్వు దింపుతది.
గని మంచి కొవ్వుకు ఓర్పు తక్కువ,
గాలి సోకితే చాలు, లోపల్లోపలే చిలుము పడుతది.
పసుపైనా మునగాకైనా
ఆ గాలికి ఎదురు నిలబడి
ముందుగాల తామే ఖర్చయిపోతయి.

మా అమ్మ వెన్న కాచేటప్పుడు
ఆఖర్ల పిడికెడు మునగాకు ఏసేది.
చిటపటమని ఆకు నల్లగయ్యేది.
నెయ్యి ఎండకాలమంత వాసన మారకపోయేది.
ఎందుకే అంటే "ఏస్తరు, గంతే" అన్నది.
మేడంకు చెప్తే పుస్తకంల రాసుకున్నది,
పక్కన నా పేరు గూడ: తౌటం కౌసల్య.
అది దేనికో, అడగలే.

గుడ్లను ఫ్రిజ్జుల పెట్టలే.
కిరాణా కొట్ల ఉన్నట్టే అట్ట ట్రేలల్ల, మే నెల వేడిల,
నాలుగు వారాలు.
ఇరవై ఎనిమిదో రోజు సొనలు గిలక్కొట్టి, మందు పోసి,
గాజు గొట్టాలను మరిగే నీళ్లల్ల నిలబెట్టినం.
ఎంత చెడితే అంత గులాబి రంగు.
రెండో అరది పీర్ల పండుగ షర్బతు లెక్కైంది.
మొదటిది దానికంటె పలచన.
మూడోది, నాలుగోది
ఉల్లిగడ్డ లోపలి పొర లెక్క, ఉండీ లేనట్టు.
మిషను అంకెలు చెప్పకముందే
నా ముక్కుకు తెలుసు.
అంకెలొచ్చే దాక ఊకున్న.

ఓదెలు చెప్పులు బయట ఇడిచి వచ్చిండు.
"కొవ్వు తగ్గిందా మేడం?"
తగ్గలే.
"కొలెస్ట్రాలు?"
ఉన్నంత ఉన్నది.
"మరేం మారినట్టు?"
"చెడుడు ఆలస్యమైంది" అన్నదామె.
ఆయన టోపీ తీసి మోకాలు మీద పెట్టుకున్నడు.
"ఆలస్యానికి ట్రే మీద ఎంత ఎక్కువిస్తరు?"
ఆ లెక్క మేడం కాడ లేదు.
ముప్పై గుడ్లకు అందరికీ ఒకటే రేటు,
తెల్లారంగ ఫోన్ల వస్తది.

పోయేటోడు పోక,
బల్ల కాడ ఆగి నాలుగో గిన్నె వాసన చూసిండు.
కండ్లు మూసుకుని, ఇంకోసారి.
రెండోది గూడ చూసి మొఖం తిప్పుకున్నడు.
"అవ్వకు చెప్త" అన్నడు, ఎవరితోనో అన్నట్టు.

నేను దాణా నమూనాలు మూటగట్టి
సబ్బుతోని మూడుసార్లు చేతులు కడిగిన.
గోర్ల సందుల పసుపు పోలే.
హన్మకొండ బస్సుల పక్కామె చూసి
"ఇంట్ల పెండ్లా చెల్లె?" అన్నది.
కాదక్కా, కోళ్ల దాణా, అన్న.
ఆమె కొంచెం జరిగి కూసున్నది.